నైట్ షిఫ్ట్‌కు సంతకం పెట్టని అమ్మాయి గని మేనేజర్ కావచ్చా?

ఓసీ పిల్ల

అందరికీ నమస్తే. మైనింగ్‌లో బీటెక్ చేసి రెండేళ్లుగా ఒక ప్రైవేటు ఓపెన్‌కాస్ట్‌లో (ఓసీ, అంటే పైనుంచి తవ్వే గని) పనిచేస్తున్నా. మా నాన్న బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పట్టి రిటైరైన మనిషి. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక భూగర్భ బొగ్గు గనిలో చేరే అవకాశం వచ్చింది. జాయినింగ్ కాగితాల్లో ఒక సమ్మతి పత్రం ఉంది. రాత్రి 7 దాటాక, పొద్దున 6కు ముందు పనిచేయడానికి ఒప్పుకుంటానా లేదా అని.

నాన్నేమో "పగటి ఫస్ట్ షిఫ్ట్‌కే ఒప్పుకో బిడ్డా, కడమది నీకెందుకు" అంటున్నాడు. నాతో చదివిన అబ్బాయిలు "నైట్ చేయకుండా రేపు మేనేజర్ కుర్చీ ఎట్లా అడుగుతావ్" అంటున్నారు. నాకు కావాల్సింది నిజంగానే ఆ కుర్చీ. సంతకం పెట్టకపోతే దాన్ని అడిగే హక్కు పోతుందా? గనుల్లో పనిచేసినవాళ్లు, ఇంట్లో గని మనిషి ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ ఓవర్‌మన్, బెల్లంపల్లి

బిడ్డా, ముప్పై ఒక్క ఏండ్లు బాయిల దిగిన. ఉన్నదున్నట్టు చెప్త, మనసుల పెట్టుకోకు. పైకప్పు మీద కట్టెతోని కొట్టి సప్పుడు వినాలె. గట్టి రాయి ఒక తీరు మోగుతది, డొల్ల ఇంకో తీరు. ఆ సప్పుడు పుస్తకంల ఉండదు. ఆసరకు పెట్టిన కర్రలు చిటపటమంటే ఎప్పుడు మందిని ఎనుకకు గుంజాల్నో, ఎప్పుడు ఆగచ్చునో, మూడు షిఫ్టులు తిరిగినోనికే తెలుస్తది. పగలైతే మేనేజర్, సేఫ్టీ ఆఫీసర్, సర్వేయర్ అందరుంటరు. నైట్ల ఏమన్నైతే ఉండేది అండర్ మేనేజర్, ఆయన కింద మందిని చూసుకునే ఓవర్‌మన్, సర్దార్. ఆ రాత్రిళ్లు చూడనోళ్లు మేనేజరై "దిగుండ్రి" అంటే మంది దిగుతరా?

ఆడపిల్లవని కాదు. మొగోడైనా ఇదే మాట అంటుంటి. కానీ నా బిడ్డయితే వద్దనే అంట. అది కూడా దాస్త లేను.

సెకండ్ క్లాస్ తమ్ముడు

పెద్దాయన మాటే నాదీ, ఇంకొంచెం సూటిగా. మా గనిలో ముగ్గురు అమ్మాయిలు చేరారు. మంచి ఇంజనీర్లు, ఆ విషయంలో వంక పెట్టలేను. ముగ్గురికీ ఫస్ట్ షిఫ్టే. దాంతో సెకండ్లు, నైట్లు మేం ఐదుగురం పంచుకుంటున్నాం. నాకు నెలలో ఫస్ట్ షిఫ్ట్ ఐదారు రోజులు వస్తే గొప్ప. పోయిన దసరా మూడు రోజులూ నైటే. ప్రమోషన్ లిస్టులో మాత్రం అందరం ఒకే వరుసలో ఉంటాం.

ఇది అమ్మాయిల మీద కోపం కాదు. రోస్టర్ వేసింది వాళ్లు కాదుగా. కానీ కుర్చీ సమానంగా కావాలంటే రాత్రీ సమానంగా పంచుకోవాలి అనేది నా అభిప్రాయం. సంతకం పెట్టక్కా.

చట్టం చదివినవాణ్ణి

కొంచెం వెనక్కి వెళ్దాం, లేకపోతే ఈ సమ్మతి పత్రం ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థం కాదు.

ఆడవాళ్లు బాయిలో దిగడం కొత్తేమీ కాదు. ఝరియా, రాణిగంజ్ బొగ్గు గనుల్లో మగవాడు బొగ్గు కొడితే ఆమె తట్టలో మోసేది. 1929 నుంచి దశలవారీగా వాళ్లను బయటికి పంపారు. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ భూగర్భ గనుల్లో మహిళల పనిని నిషేధించే ఒప్పందం చేసింది, 1938లో మన దేశం దానికి ఆమోదం తెలిపింది. యుద్ధంలో బొగ్గు కావాల్సి వచ్చేసరికి 1943లో నిషేధం ఎత్తేసి ఆడవాళ్లను మళ్లీ దింపారు, 1946లో మళ్లీ పైకి పంపారు. అవసరం ఎప్పుడూ గనిదే, ఆమెది కాదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి వేరే ఉంది. ఆ 1935 ఒప్పందంలోనే మూడో అధికరణం ఉంది. శారీరక శ్రమ చేయని, నిర్వహణ బాధ్యతల్లో ఉన్న మహిళలను నిషేధం నుంచి మినహాయించుకోవచ్చని అందులో రాశారు. చదువులో భాగంగా శిక్షణకు దిగే అమ్మాయిలకూ మినహాయింపు ఉంది. మన 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ మినహాయింపును వాడుకోలేదు, భూగర్భంలో ఏ పనికైనా వద్దంది. మేనేజర్లను ఆపమని ప్రపంచం చెప్పలేదు. మనమే ఆపాం, 2019 జనవరి దాకా.

2019 నోటిఫికేషన్ తలుపు తెరిచింది గానీ మూడు గొళ్లాలు అట్లాగే ఉంచింది. భూగర్భంలో పొద్దున 6 నుంచి రాత్రి 7 వరకే. షిఫ్ట్‌లో ముగ్గురికి తక్కువ కాకుండా మహిళలు ఉండాలి. అదీ 'నిరంతర హాజరు అవసరం లేని' సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లోనే. ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. దాని 43వ సెక్షన్ ప్రకారం మహిళలు అన్ని రకాల పనుల్లో చేరవచ్చు, రాత్రి పనికి మాత్రం వాళ్ల సమ్మతి ఉండాలి. మీ చేతిలోని కాగితం ఆ సమ్మతికే.

పర్సనల్ డిపార్ట్‌మెంట్ అక్క

నాకు ఒకటి అర్థం కాదు. నాయకత్వం అంటే బాయి మేనేజరే అవ్వాలా? ఫైనాన్స్, పర్సనల్, ప్లానింగ్, ఎక్స్‌ప్లొరేషన్... వీటిలో ఆడవాళ్లు పెద్ద స్థానాలకు వెళ్తున్నారు కదా. అమ్మా, ఉన్న దారుల్లో ఎక్కు. రాత్రి మూడింటికి బురదలో నడిస్తేనే గౌరవం అనుకోవద్దు.

క్యాప్ ల్యాంప్

అక్కా, మీ మాట కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. గనుల్లో నిచ్చెన మిగతా పరిశ్రమల్లాంటిది కాదు. ఇక్కడ కుర్చీ యాజమాన్యం ఇచ్చేది కాదు, సర్టిఫికెట్ ఇచ్చేది. డీజీఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ గనుల భద్రతా సంస్థ) ఇచ్చే సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ లేకపోతే ఎంత తెలివి ఉన్నా గని మీద అధికారం రాదు. ఆ పరీక్ష రాయాలంటే గనిలో అనుభవం చూపించాలి. భూగర్భ అనుభవం లేనివాళ్లకు వచ్చేది ఓపెన్‌కాస్ట్‌కు మాత్రమే చెల్లే రిస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్. దశాబ్దాల పాటు మన ఆడపిల్లలు అక్కడే ఆగిపోయింది అందుకే. ప్రతిభ చాలక కాదు, కిందికి దిగనివ్వక. ఉత్పత్తి వైపు అండర్ మేనేజర్, మేనేజర్, ఏజెంట్, జీఎం అంటూ నడిచే వరుస మొత్తం ఆ కాగితం మీదే నిలబడింది.

2019 తర్వాత ఆ దారిలో మొదటి అడుగులు పడ్డాయి. భూపాలపల్లి అమ్మాయి, సింగరేణి కార్మికుడి కూతురు రసకట్ల సంధ్య హిందుస్థాన్ జింక్‌లో చేరి భూగర్భ గనికి సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ సాధించిన తొలి మహిళల్లో ఒకరయ్యారు. జార్ఖండ్‌లో 2021లో ఆకాంక్ష కుమారి ప్రభుత్వ బొగ్గు సంస్థ సీసీఎల్‌కు చెందిన చూరి భూగర్భ గనిలో చేరారు. పేర్లు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండటమే నా బాధ.

ఇక నా సంగతి. ఉత్తరాదిలో ఒక భూగర్భ లోహ గనిలో చేస్తున్నా. 'ముగ్గురు ఉండాలి' అన్న నిబంధన మమ్మల్ని కాపాడటానికే పెట్టారు, ఒప్పుకుంటా. కానీ మా గనిలో ఉన్నదే ముగ్గురం. ఒకరికి జ్వరం వస్తే మిగతా ఇద్దరం ఆ వారమంతా పైనే కూర్చుని రిపోర్టులు టైపు చేశాం. 'నిరంతర హాజరు అవసరం లేని పని' అనేసరికి నాకు దొరికినవి సేఫ్టీ వీక్ పోస్టర్లు, విజిటర్లకు గని చూపించడం. మొదటి ఏడాది చివర నా డైరీ తిరగేస్తే ఒక్క షిఫ్ట్ కూడా నా చేతుల మీద మొదలై నా చేతుల మీద ముగియలేదు. సర్టిఫికెట్ పరీక్షలో ఓరల్‌కు వెళ్లే ముందు సీనియర్ ఒకాయన నన్ను కూర్చోబెట్టి "రాత్రి రెండింటికి గనికి గాలి ఆడించే మెయిన్ ఫ్యాన్ ఆగింది, నువ్వే ఇన్‌చార్జి, చెప్పు" అన్నారు. వరుసగా అంతా చెప్పాను. "ఎప్పుడైనా చేశావా?" అన్నారు. లేదు.

మర్నాడే రాత్రి షిఫ్ట్ అడిగాను, రాలేదు. అందుకే చెల్లీ, కోడ్ ఇప్పుడు ఇస్తున్నది నువ్వు వదులుకోవద్దు. సంతకం పెట్టు. పెట్టేముందు కిందికి దిగాక నీకు రాతపూర్వకంగా ఇచ్చే బాధ్యత ఏమిటో అడుగు. డిస్ట్రిక్ట్ (గనిలో ఒక భాగం) నీకే ఇస్తారా, లేక ఎవరో అన్న వెనక తిరగమంటారా? రాత్రి పేరుకు దింపి, పని వేరేవాళ్లకు ఇస్తే ఆ సంతకం వృథా.

గోదావరిఖని అమ్మ

మీరందరు సదువుకున్నోళ్లు. నేను ఇరవై ఆరేండ్లు బాయి మనిషికి బువ్వ కట్టినదాన్ని. ఒక్క మాట.

మా ఆయన నైట్ చేసి పొద్దుగాల ఇంటికొచ్చి పంటుండె. రెండు రూముల క్వార్టర్. పిల్లలు సప్పుడు చేయకుండ బయటికి తోలుకపోయేదాన్ని, ఎండైనా వానైనా. కుక్కర్ కూత వేస్తే లేస్తడని పక్కింట్ల వండుకొచ్చిన రోజులున్నయి. రాత్రి సైరన్ మోగితే క్వార్టర్లల్ల ఉన్న ఆడోళ్లమంత గేటు కాడికి ఉరికేది. ఆయన రాత్రిళ్లు చేసిండంటే పగలు నేను మోసిన.

ఈ బిడ్డ నైట్ చేసొస్తే పగలు ఎవరు మోస్తరు? పెండ్లయితే అత్తగారింట్ల పండనిస్తరా? నైట్ సమానంగ పంచుకోవాలె అంటున్న తమ్మునికి ఇంట్ల టిఫిన్ డబ్బా ఎవరు కడుతుండ్రో ఒకసారి సూసుకొమ్మను. బిడ్డను దిగొద్దంట లేను. బాయి మీద మైసమ్మకు బోనమెత్తేది మేమే, ఆ తల్లి ఆడోళ్లను వద్దన్నదని నేనెన్నడు ఇనలే.

సెకండ్ క్లాస్ తమ్ముడు

అమ్మా, మీరు అన్నది నిజమే. నేను నైట్ చేసొచ్చాక మా అమ్మ ఫోన్ కూడా మోగనివ్వదు. ఆ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు.

అయినా రోస్టర్ విషయంలో నా మాట మార్చుకోను. రోస్టర్ సమానం చేయాలి, దానికి తగ్గట్టు క్రెష్, రాత్రి బండి, కింద టాయిలెట్ యాజమాన్యం పెట్టాలి. టాయిలెట్ మాకూ లేదు. ఎనిమిది గంటలు నీళ్లు తక్కువ తాగి గడుపుతున్నాం, మగవాళ్లం కాబట్టి ఎవరం అడగలేదు.

రిటైర్డ్ ఓవర్‌మన్, బెల్లంపల్లి

క్యాప్ ల్యాంప్ బిడ్డ రాసింది రెండు సార్లు సదివిన. 'నిరంతర హాజరు లేని పని' అంటే మేనేజర్ పని కానే కాదు. అట్ల దింపుడు తప్పు. సగం దింపినోళ్లను తప్పు పట్టాలె, దిగినోళ్లను కాదు.

ఓసీ పిల్లా, మీ నాయినకు నా మాటగ చెప్పు. బొగ్గుబాయి లోహం బాయి ఒకటి కాదు, ఇక్కడ మీథేన్ ఉంటది. పోయేముందు గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు చేతిల పెట్టుకో. దిగినంక మొదటి నెల ముసలి సర్దార్ ఎవ్వరున్నరో సూసి ఆయన ఎన్కనే తిరుగు. కట్టె నీ చేతికి ఇయ్యమను. ఇయ్యకుంటె అడుగు.

ఓసీ పిల్ల

పెద్దయ్యా, మీ మాట నాన్నకు చదివి వినిపించా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కట్టెతో కొట్టేటప్పుడు రెండో చెయ్యి కప్పుకు ఆనిచ్చి పెట్టాలె, అదురు తెలుస్తది" అన్నాడు.

సంతకం పెడుతున్నా. దాంతో పాటు బాధ్యతలు రాసివ్వమని మెయిల్ పంపా, జవాబు రాగానే ఇక్కడ పెడతా. గ్యాస్ టెస్టింగ్‌కు ఎవరి దగ్గరైనా పాత ప్రశ్నలు ఉంటే పంపండి.