350 షెవీకి ఏ క్యామ్: 224/112 ఆ, 216/108 ఆ?

షెవ్రోలే 350 స్మాల్ బ్లాక్, కంప్రెషన్ 9:1, ఆటోమేటిక్, స్టాక్ టార్క్ కన్వర్టర్, వెనక యాక్సిల్ రేషియో 3.08. పాత ఓనరు వేయించిన క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్) డ్యూరేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి, 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర 224 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం) 108. ఐడిల్ 800 ఆర్‌పీఎం దగ్గర వాక్యూమ్ (బ్రేక్ బూస్టర్‌ని నడిపే ఇంజిన్ పీల్పు) 10 అంగుళాలే. సిగ్నల్ దగ్గర బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోతోంది. శబ్దం మాత్రం అదిరిపోతుంది, అది వేరే సంగతి!

ఇనీషియల్ టైమింగ్ (ఐడిల్‌లో స్పార్క్ పడే సమయం) 8 నుంచి 14 డిగ్రీలకి పెంచాను, మిక్స్చర్ స్క్రూలు సరిచేశాను. ఒక్క అంగుళం పెరిగిందంతే. వాక్యూమ్ లీకులు లేవు.

ఇప్పుడు రెండు క్యామ్‌లు చూస్తున్నా: 224 డిగ్రీలకు 112 సెపరేషన్, లేదా 216కి 108. లెక్కేస్తే 0.050 దగ్గర ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే వ్యవధి) రెండింటికీ సున్నా, ఇప్పుడున్నదానికి 8. కానీ క్యామ్‌ని 4 డిగ్రీలు అడ్వాన్స్ చేసి బిగిస్తే ఇన్‌టేక్ వాల్వ్ మూసుకునేది మొదటిదానిలో బీడీసీ (పిస్టన్ అట్టడుగున ఉండే స్థానం) తర్వాత 40 డిగ్రీలకి, రెండోదానిలో 32కే.

ఊళ్లో తిరిగే బండికి వీటిలో ఏది ఐడిల్‌లో ఎక్కువ వాక్యూమ్ ఇస్తుంది?