వేళ, గడియ, పోటు: సముద్ర జీవుల గడియారాన్ని ఏమని పిలుద్దాం?

ప్రశ్న: హైస్కూలు పిల్లల కోసం సైన్సు వ్యాసం రాస్తున్నాను. రోజు లెక్కన ఒంట్లో నడిచే సర్కేడియన్ క్లాక్‌ని ‘జీవ గడియారం’ అంటున్నాం, బాగానే ఉంది. ఆటుపోట్లను బట్టి నడిచే గడియారం కూడా కొన్ని సముద్ర జీవుల్లో ఉందట. దానికి మన మాట ఏదైనా ఉందా మాస్టారూ?

జవాబు: రోజూ వాడే ‘వేళ’ ఉందండీ. సంస్కృతంలో వేలా. అమరకోశం నానార్థ వర్గంలో దీనికి సముద్రపు నీటి పొంగు, కాలం, హద్దు అనే అర్థాలున్నాయి. మనకు పొంగు జారిపోయి భోజనం వేళ, సంజె వేళ మిగిలాయి. ఏ అర్థం ముందు పుట్టిందన్న చర్చలోకి వెళ్ళను గానీ, పొంగునీ కాలాన్నీ రెండింటినీ ఒంట్లో మోసే జీవి మాత్రం నిజంగానే ఉంది.

దాని పేరు యూరిడైస్ పల్క్రా. బ్రిటన్ ఇసుక తీరాల్లో ఉంటుంది, రొయ్యకు దూరపు చుట్టం, పొడవు సెంటీమీటరు లోపే. నీరు తీస్తే ఇసుకలో దూరుతుంది, పోటు రాగానే పైకొచ్చి ఈదుతూ మేత వెతుక్కుంటుంది. ల్యాబులో ఆటూ పోటూ లేని నీళ్ళలో, చీకట్లో ఉంచినా సుమారు 12.4 గంటలకోసారి ఈత అందుకుంటుంది. దాని ఒంటి మీది నల్ల రంగు మాత్రం 24 గంటల లెక్కలో నడుస్తుంది, పగలు విచ్చుకుంటుంది, రాత్రి ముడుచుకుంటుంది. 2013లో అచ్చయిన పరిశోధనలో ‘పీరియడ్’ అనే జన్యువు పనిని తగ్గించి చూశారు. రంగు లయ దెబ్బతింది, ఈత లయ చెక్కుచెదరలేదు. రెండూ వేరు వేరు గడియారాలన్నమాట. అయితే కేసీన్ కైనేజ్ 1 అనే ఎంజైముకు అడ్డుపడితే రెండూ నెమ్మదించాయి. ఈ ఒక్క భాగం రెండింటికీ ఉమ్మడి. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే.

ఇంకో సభ్యురాలు: గడియారం అనే మాట మీదే నాకు అభ్యంతరం అండీ. గడియ మనిషి పెట్టుకున్న లెక్క. పురుగుకు గడియ ఎక్కడిది?

జవాబు: మాట మనదే అమ్మా, కాదనను. కానీ ఆ లెక్క ఇక్కడ భలే సరిపోతుంది. గడియ 24 నిమిషాలు, రోజుకు 60. చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు, అంటే రెండు గడియల పైచిలుకు, ఆలస్యంగా ఉదయిస్తాడు. అందుకే చాలా తీరాల్లో, మన విశాఖలో కూడా, పోటుకూ పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే 31 గడియలు. ఆ పురుగు తప్పకుండా లెక్కపెడుతున్నది వాటినే.

ప్రశ్న వేసిన వారు: మరి ఇదంతా మొదలెక్కడ? ఆ సంగతి కూడా వ్యాసంలో పెట్టాలి.

జవాబు: వెలుతురుకు భయపడటంలో అన్నది ఒక బలమైన ఊహ. పగటి ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏను పాడుచేస్తాయి, తప్పించుకోవాలంటే తెల్లారే సంగతి ముందే తెలియాలి. గడియారంలో పనిచేసే ప్రోటీన్లయిన క్రిప్టోక్రోమ్‌లు, పాడైన డీఎన్ఏను నీలి వెలుగు సాయంతో బాగుచేసే ఫోటోలయేజ్‌ల కుటుంబానివే. ఈ చుట్టరికం ఆ ఊహకు ఊతమిస్తోంది.

హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2014లో ప్లాటినెరిస్ అనే సముద్రపు పురుగు పిల్లలను పరిశీలించారు. సన్నని నూగు లాంటి వెంట్రుకలు ఆడించుకుంటూ ఈదే పిల్లలవి. రాత్రి కాగానే వాటి మెదడులోని వెలుగును గుర్తించే కణాలు మెలటోనిన్ అనే హార్మోను తయారుచేస్తాయి. దాంతో వెంట్రుకలు మాటిమాటికీ ఆగిపోతాయి, పిల్ల మెల్లగా కిందికి దిగుతుంది. మనకు రాత్రయిందని ఒంటికి తెలిపేది ఆ మెలటోనిన్నే కదా. మన పూర్వీకులూ ఆ పురుగు పూర్వీకులూ విడిపోయి 50 కోట్ల ఏళ్ళు దాటింది.

ఇక పేర్ల సంగతి. 1959లో శాస్త్రవేత్త హాల్‌బర్గ్ ‘సర్కేడియన్’ అన్నప్పుడు, లాటిన్‌లో ‘సుమారు ఒక రోజు’ అనే అర్థం వచ్చేట్టు కూర్చాడు. సూర్యుడు కనబడకపోతే ఒంటి గడియారం సరిగ్గా 24 గంటలు చూపదు, కాస్త అటూ ఇటూ అవుతుంది. ‘దైనిక’ అంటే ఆ ‘సుమారు’ పోతుంది, అందుకే నాకు నచ్చదు. పిల్లలకు ‘రోజు గడియారం’, ‘పోటు గడియారం’ అని రాసి, సుమారు అనే మాటను మొదటి వాక్యంలోనే పెట్టండి. ‘వేళ’ కథను పక్కన ఒక చిన్న పెట్టెలో వేయండి. పేరుగా పెడితే మాత్రం టైమ్ అనే అనుకుంటారు.