పారిస్‌లో ఆరు రోజులు: ఫ్యాషన్ వీక్ సమయంలో వెళ్లవచ్చునా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఇరవై ఏళ్లుగా బ్లౌజులు కుట్టే దుకాణం నడుపుతున్నాను. మగ్గం పని కూడా చేయిస్తాను. పిల్లల చదువులు పూర్తయినందున, సెప్టెంబరు చివర నేనూ మా వారూ ఆరు రోజులకు పారిస్ వెళ్లాలనుకుంటున్నాము. మా వారికి ఈఫిల్ టవరు, మ్యూజియంలు చూస్తే చాలు. నాకు మాత్రం అక్కడివారు ఏమి వేసుకుంటున్నారో, ఎలా కుడుతున్నారో కళ్లారా చూడాలని ఉంది. ఫ్యాషన్ వీక్ అప్పుడే జరుగుతుందట, టికెట్టు కొని ఒక్క షో అయినా చూడవచ్చునా? చీరలతో ఆ మెట్రో మెట్లు ఎక్కి దిగగలనా?

జవాబు (కరీంనగర్ నుంచి):
అక్కా, ఆ షోలకు టికెట్లు అమ్మరు. కొనుగోలుదారులకు, పత్రికలవారికి, పేరున్న అతిథులకు మాత్రమే ఆహ్వానాలు వెళ్తాయి. పైగా ఆ రోజుల్లో హోటల్ గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, బతుకమ్మకూ దసరాకూ బ్లౌజులు అడిగేవారు వరుస కట్టే సమయంలో మీరు దుకాణం మూయగలరా? నన్నడిగితే ఆషాఢంలో వెళ్లండి. పెళ్లిళ్లు ఉండవు కనుక ఇక్కడ పని తగ్గుతుంది. అక్కడ జూన్ చివర వేసవి తగ్గింపు అమ్మకాలు మొదలై నాలుగు వారాలు సాగుతాయి. వాటి తేదీలను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. రాత్రి దాదాపు పది వరకు వెలుతురు ఉంటుంది. జూలై మొదట్లో ఓత్ కుతూర్ షోలు, అంటే ఒక్కొక్కరి కొలతలకు చేత్తో కుట్టే ఖరీదైన దుస్తుల షోలు, కూడా జరుగుతాయి. లోపలికి వెళ్లలేకపోయినా, వేదికల బయట వచ్చిపోయేవారి దుస్తులు చూడటానికి ఖర్చేమీ లేదు.

జవాబు (వరంగల్ నుంచి):
మేమిద్దరం వెళ్లి వచ్చాము కనుక మా పొరపాటు చెబుతాను. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుందని తెలియక, ఎండలో ఆ గాజు పిరమిడ్ చుట్టూ తిరిగి వెనుదిరిగాము. ఓర్సే మ్యూజియానికి సోమవారం సెలవు. అది ఒకప్పటి రైల్వే స్టేషన్, 1986లో మ్యూజియంగా తెరిచారు. గాలరీ లఫాయెత్ అనే పెద్ద దుకాణంలో 1912 నాటి రంగుటద్దాల గుమ్మటం కింద నిలబడితే మా ఆవిడ ధరల చీటీలు చూడటమే మరిచింది, అది నాకు మేలే అయింది. ఆ దుకాణం డాబా మీదికి ఉచితంగా వెళ్లి ఈఫిల్ టవరును చూడవచ్చు. చాలా మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉండదు. చీరను కాస్త ఎత్తుగా కట్టుకొని, కింద బూట్లు వేసుకుంటే ఇబ్బంది లేదు. వీసా దరఖాస్తుకు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

జవాబు (జనగామ నుంచి, మగ్గం పని నేర్పుతాను):
మీరు వెతుకుతున్నది షోల కన్నా కుట్టుపనిలో దొరుకుతుంది. ఫ్రాన్సులో పూసలు కుట్టే ఒక పద్ధతిని లూనెవిల్ పని అంటారు. అది మన మగ్గం సూది వంటి కొక్కెంతోనే సాగుతుంది. మనం పూసలను గుడ్డ పైనుంచి కుడతాము, అక్కడివారు వెనుక వైపు నుంచి కుడతారు కనుక పని చేసేటప్పుడు డిజైను వారి కంటికి కనబడదు. అక్కడి మ్యూజియంలలో అద్దం వెనుక ఉన్న గౌనును చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. డియోర్ అనే ఫ్యాషన్ సంస్థ తన దుస్తులను ప్రదర్శించే డియోర్ గ్యాలరీలో తెల్లటి నూలు గుడ్డతో ముందుగా కుట్టి చూసుకొనే నమూనాలు ఒక గది నిండా ఉంటాయి; కత్తిరింపు తెలిసిన మనిషికి జరీ గౌన్ల కన్నా అదే పాఠం. దానికి కూడా మంగళవారం సెలవు, టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మోంమార్త్ర్ కొండ కింద సెయింట్ పియర్ గుడ్డల బజారు వదలకండి. అక్కడ మూడేసి మీటర్ల ముక్కలు కోసి పెట్టి అమ్మే దుకాణాలు ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆషాఢానికే ఖాయం చేశాము. లూవ్ర్ మూసి ఉండే మంగళవారం మా వారికి వేరే పని లేదు కనుక, ఆ రోజు గుడ్డల బజారులో సంచి మోయడానికి ఒప్పుకున్నారు.