మేడ మీద వైఫై అందట్లేదు, ప్లాన్ పెంచితే సరిపోద్దా?

ఎంవీపీ_డాబా: మాది వైజాగ్ ఎంవీపీ కాలనీలో పాత డాబా ఇల్లండి, కింద హాలూ వంటిల్లూ, మేడ మీద రెండు గదులు. ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాను. వైఫై బాక్సేమో (రౌటర్) కింద హాల్లో టీవీ వెనకాల మూలకి బిగించేసి వెళ్లిపోయారు. దాని పక్కన కూర్చుంటే 90 దాకా వస్తోంది, అదే మేడ మీద వెనక గదికెళ్తే 4 కూడా గగనం, ఫోన్లో గీతలు బాగానే చూపిస్తాది గానీ పేజీ తెరుచుకోదు. మా ఆవిడది వర్క్ ఫ్రం హోం, మీటింగ్ మధ్యలో కట్టయితే ఆ కోపం నా మీదే. కనెక్షన్ అబ్బాయి 200 ప్లానుకి మారిపోండి సార్ అంటున్నాడు, షాపాయనేమో రిపీటర్ (వైఫై సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే డబ్బా) కొనమంటున్నాడు. ఏటి చేయమంటారు?

గాజువాక_వైర్‌మ్యాన్: ప్లాన్ జోలికెళ్లకండి గురూ. బాక్స్ దగ్గర 90 వస్తోందంటే లైను బాగున్నట్టే, పోతున్నదంతా మీ స్లాబులోనూ గోడల్లోనూ. వైఫై బ్యాండుల్లో (రేడియో తరంగాల్లో) 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఇస్తాది గానీ గోడలు సరిగ్గా దాటలేదు, 2.4 దూరం పోతాది గానీ స్పీడ్ తక్కువ. ముందు బాక్స్‌ని టీవీ వెనకనుంచి తీయించి మెట్ల దగ్గర కాస్త ఎత్తులో పెట్టించండి, దారిలో ఇనప బీరువా లేకుండా చూసుకోండి. ఫైబర్ వైరు మాత్రం మీరే లాగి మడత పెట్టేయకండి, వంపు మరీ బిగుతైతే అక్కడే సిగ్నల్ పడిపోద్ది.

సీతమ్మధార99: గీతలున్నా పేజీ రాకపోడానికి కారణముందండి. రౌటర్ అరుపు ఫోన్‌కి వినపడుద్ది, ఫోన్ గొంతు చిన్నది, అది రౌటర్ దాకా వెళ్లదు. ఇంకోటి, రౌటర్ సెట్టింగుల్లో 2.4 బ్యాండుకి ఛానల్ (సిగ్నల్ నడిచే దారి) ఆటోలో ఉంటే 1, 6, 11లో ఏది ఖాళీగా ఉందో చూసి అది పెట్టి, విడ్త్ (ఆ దారి వెడల్పు) 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి. మా అపార్ట్‌మెంట్లో వైఫై లిస్టు తెరిస్తే ఓటర్ల జాబితాలా ఉంటది, మాకు దీంతోనే చాలా తేడా వచ్చింది.

మర్రిపాలెం_నెట్: రిపీటర్ వద్దు బాబూ. గాల్లో అందుకున్నదాన్ని అదే బ్యాండు మీద మళ్లీ గాల్లోకే పంపాలి, స్పీడ్ దాదాపు సగానికి పడుద్ది. పైగా అందరూ దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు, లేనిదాన్ని అదేం పెంచుద్ది? బాక్స్ లాన్ పోర్టు (ఇంట్లో కంప్యూటర్లకి వైరు పెట్టే రంధ్రం) నుంచి మేడ మీదకి క్యాట్ 6 వైరు (నెట్‌వర్క్ కేబుల్) లాగించి ఇంట్లో మూలనున్న పాత రౌటర్ పెట్టండి. ఆ పాత రౌటర్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచే పని) ఆపేయాలి, దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) బాక్స్‌ది కాకుండా వేరేది ఇవ్వాలి, వైరు వాన్ పోర్టులో (బయట నెట్ లైను పెట్టేది) కాదు లాన్ పోర్టులో గుచ్చాలి. పేరూ పాస్‌వర్డూ రెండిటికీ ఒకటే ఉంచేయండి.

ఎంవీపీ_డాబా: పాత రౌటర్ ఉందండి! వైరు బయట గోడమీంచి లాగొచ్చా? మాకు బీచ్ దగ్గర.

మర్రిపాలెం_నెట్: లాగొచ్చు, కానీ ఎండకి తట్టుకునే అవుట్‌డోర్ వైరే తీసుకోండి, అదీ అసలు రాగిది. అల్యూమినియం మీద రాగిపూత వేసింది చవగ్గా అంటగడతారు. జాయింట్లు బయట ఉంచొద్దు, మన ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుమెక్కిపోతాయి. గోడలోకి దూరే ముందు వైరుని ఓసారి కిందకి వంచి పైకి తీసుకెళ్లమనండి, వానకి నీళ్లు అక్కడే కారిపోతాయి, లేదంటే వైరు పట్టుకుని సరాసరి గదిలోకొచ్చేస్తాయి.