చిప్ టైమింగ్ ఎంతవరకు నమ్మొచ్చు? మీ అనుభవాలు చెప్పండి

బీచ్‌రోడ్_రన్నర్ (విశాఖ)
ఈమధ్య ఒక హాఫ్ మారథాన్ పరిగెత్తాను. రిజల్ట్‌లో ఫినిష్ టైమ్ వచ్చింది కానీ 10కె స్ప్లిట్ (10 కి.మీ. దగ్గర పట్టిన టైమ్) దగ్గర ఖాళీ. పైగా గన్ టైమ్‌కీ (గన్ మోగినప్పటి నుంచి లెక్క) నెట్ టైమ్‌కీ (మనం స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి లెక్క) మధ్య దాదాపు మూడు నిమిషాల తేడా. ఈ సర్టిఫికెట్ ముంబై మారథాన్ రిజిస్ట్రేషన్‌కి పెట్టాలి, దాన్ని చూసే కదా ఏ సెక్షన్‌లో నిలబెట్టాలో తేలుస్తారు. స్ప్లిట్ లేకపోతే ఒప్పుకుంటారో లేదో అని టెన్షన్‌గా ఉంది. ఇలా ఇంకెవరికైనా జరిగిందా?

మ్యాట్_దగ్గర_మనిషి (హైదరాబాద్)
నేను రేసుల్లో టైమింగ్ టీమ్‌కి సాయంగా ఉంటాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. బిబ్ (ఒంటి మీద పెట్టుకునే నంబర్ కాగితం) వెనక ఫోమ్ ముక్క మీద అంటించిన సన్నటి పట్టీ ఉంటుంది చూడండి, అదే చిప్. దానికి బ్యాటరీ లేదు, గడియారం లేదు. మీరు రోడ్డు మీద పరిచిన టైమింగ్ మ్యాట్ మీదికి రాగానే కింద ఉన్న యాంటెన్నా పంపే రేడియో తరంగాలతోనే అది మేల్కొని తన నంబర్ ఒక్కటే చెప్తుంది. టైమ్ వేసేది పక్కన టేబుల్ మీద ఉండే రీడర్ బాక్స్. మ్యాట్ దాటేలోపు ఒకే చిప్‌ని చాలాసార్లు చదువుతుంది, అందులోంచి సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకుంటుంది. అందుకే స్టార్ట్‌లో ఉన్న బాక్స్, ఫినిష్‌లో ఉన్న బాక్స్ గడియారాలు ఒకటిగా కలిపారా లేదా అన్నదే అసలు సంగతి. అది సరిగ్గా చేస్తే హాఫ్‌లో తేడా సెకను లోపే ఉంటుంది.

ఇక స్ప్లిట్ పోవడం. ఈ తరంగాలకి నీళ్లంటే పడదు, మన ఒళ్లంతా నీళ్లే. చిప్ ఒంటికి అతుక్కుపోతే సిగ్నల్ మింగేస్తుంది, ఫోమ్ పెట్టేది ఆ ఎడం కోసమే. బిబ్‌ని మడిచి పిన్నులు పెట్టుకునేవాళ్లు, దాని మీద హైడ్రేషన్ బెల్ట్ బిగించేవాళ్లు, వెనకే ఫోన్ పెట్టుకునేవాళ్లు, వీపుకి తగిలించుకునేవాళ్లు: మిస్సయ్యే రీడ్‌లలో ఎక్కువ వీళ్లవే. ఛాతీ మీద, నాలుగు మూలలా పిన్నులు, పైన ఏ అడ్డూ లేకుండా. అంతే.

ఉదయం4గంటలు (కూకట్‌పల్లి)
గన్ టైమ్, నెట్ టైమ్ గురించి నాదీ ఒక మాట. పీపుల్స్ ప్లాజా దగ్గర స్టార్ట్‌లో వెనక నిలబడినవాళ్లకి తెలుసు, గన్ మోగాక మ్యాట్ దాకా నడుచుకుంటూ వెళ్లడానికే నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు మనవి కావు, అవి తీసేసి చెప్పేదే నెట్ టైమ్. మాలాంటి మామూలు రన్నర్లకి చిప్ చేసిన మేలు ఇదే.
కానీ ఒక 10కెలో మా వయసు కేటగిరీలో నెట్ టైమ్ ప్రకారం నేను మూడో స్థానంలో ఉన్నాను, మెడల్ మాత్రం గన్ టైమ్‌లో ముందున్న ఆవిడకి ఇచ్చారు. రూల్స్‌లో ఎక్కడా రాయలేదు. అడిగితే "మా పద్ధతి ఇంతే మేడమ్" అన్నారు. ఏది లెక్కలోకి తీసుకుంటారో ముందే చెప్పాలి కదండీ?

మ్యాట్_దగ్గర_మనిషి (హైదరాబాద్)
మీ బాధ న్యాయమే మేడమ్. వరల్డ్ అథ్లెటిక్స్ నియమాల్లో అధికారిక టైమ్ అంటే గన్ టైమే. ముందు వరుసలో ఎలైట్ రన్నర్లు ఒకరినొకరు చూసుకుంటూ పరిగెడతారు కాబట్టి వాళ్ల విషయంలో అది సరైనదే. అక్కడ గెలుపు కూడా చిప్‌తో తేలదు, మొండెం ముందుగా గీత ఎవరు దాటారన్నది చూస్తారు. ఏజ్ కేటగిరీకి మాత్రం ఏది వాడతారో నిర్వాహకులు ముందే రాసి పెట్టాలి. రిజిస్టర్ అయ్యే ముందే మెయిల్ పెట్టి అడగండి.

న్యూజెర్సీ_తెలుగు
ఇక్కడి సంగతి చెప్తా. బోస్టన్ మారథాన్ క్వాలిఫయింగ్‌కి నెట్ టైమే తీసుకుంటారు, సర్టిఫైడ్ కోర్సు (దూరం అధికారికంగా కొలిచిన దారి) అయి ఉండాలి. ఆ బోస్టన్‌లోనే 1980లో రోజీ రూయిజ్ అనే ఆవిడ చివర్లో జనంలోంచి రోడ్డు మీదికొచ్చి మహిళల విభాగంలో గెలిచినట్టు దండ వేయించుకుంది. అప్పట్లో చిప్పులూ మ్యాట్‌లూ లేవు. దారిలో ఎవరూ ఆమెని చూడలేదని సాక్షుల్నీ ఫొటోల్నీ పట్టుకుని తేల్చి, టైటిల్ వెనక్కి తీసుకోవడానికి వారం పైనే పట్టింది. అసలు విజేత జాక్లిన్ గారో అనే ఆవిడ ఆ రోజు ఫినిష్‌లో దక్కాల్సిన ఆనందాన్ని కోల్పోయింది. 1996లో వందో బోస్టన్‌కి షూ లేసులకి కట్టుకునే చిప్పులు వచ్చాయి. ఇప్పుడు ప్రతి 5 కి.మీ.కీ మ్యాట్ ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఫోన్‌లో చూస్తుంటారు. మధ్య మ్యాట్‌లు లేని రేసు రిజల్ట్‌ని నేనైతే పూర్తిగా నమ్మను.

గోదావరి_రన్స్ (రాజమండ్రి)
అన్నా, చిన్న ఊళ్లలో రేసు పెట్టేవాళ్ల వైపు నుంచి కూడా చూడండి. ప్రతి మ్యాట్‌కీ రీడర్, కరెంటు, మనిషి కావాలి, ఖర్చు పెరుగుతుంది. అయినా యూటర్న్ దగ్గర ఒక మ్యాట్ తప్పనిసరి అంటాను, అది లేకపోతే సగం దారిలో తిరిగి వచ్చేసేవాళ్లు ఉంటారు. ఫినిష్‌లో కొన్ని అడుగుల దూరంలో రెండో మ్యాట్, టైమ్ కనిపించేలా ఒక వీడియో కెమెరా, జనరేటర్ పోయినా నడిచేలా బ్యాటరీ: ఇవి లేకుండా టైమ్డ్ రన్ అని డబ్బులు తీసుకోకూడదు.
రన్నర్లకీ ఒక విన్నపం. ఫినిష్ అయ్యాక మ్యాట్ మీదే నిలబడి మెడల్ కొరుకుతూ సెల్ఫీలు దిగకండి, వెనకొచ్చేవాళ్ల దారికి అడ్డం. రాలేని ఫ్రెండ్ బిబ్‌ని బ్యాగులో వేసుకుని పరిగెత్తకండి. అదీ రీడ్ అవుతుంది, రానివాళ్లకి టైమ్ పడుతుంది, ర్యాంకులన్నీ మారిపోతాయి.

కొత్త_రన్నర్ (వరంగల్)
21.1 కి.మీ. ఉండాల్సిన హాఫ్ నా వాచ్‌లో ఎప్పుడూ 21.4 చూపిస్తుంది. మరి కోర్సు తప్పా?

మ్యాట్_దగ్గర_మనిషి (హైదరాబాద్)
సర్టిఫైడ్ కోర్సైతే తప్పు కాకపోవచ్చు. చక్రానికి కౌంటర్ బిగించిన సైకిల్‌తో, మలుపుల్లో అన్నిటికన్నా దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు. తక్కువ రాకూడదని వెయ్యికి ఒక మీటరు కలుపుతారు కూడా. మనం జనాన్ని తప్పించుకుంటూ, వాటర్ స్టాల్ వైపు జరుగుతూ పోతాం, పైగా ఫ్లైఓవర్ల కింద జీపీఎస్ అటూ ఇటూ కొట్టుకుంటుంది.

బీచ్‌రోడ్_రన్నర్ (విశాఖ)
అందరికీ థాంక్స్. బిబ్ నంబర్, ఫినిష్ ఫొటో, వాచ్ ఫైల్ జతచేసి టైమింగ్ ఏజెన్సీకి మెయిల్ పెట్టాను. వీడియో చూసి ఫినిష్ టైమ్ సరైనదే అని ధ్రువీకరించారు, యూటర్న్ దగ్గర రీడ్ కూడా ఉందట. 10కె స్ప్లిట్ మాత్రం ఖాళీగానే ఉంటుంది, దాన్ని అంచనా వేసి నింపం అన్నారు. అలా అన్నందుకే వాళ్ల మీద నమ్మకం కుదిరింది.