ట్రాక్టర్ ఇంజన్ ‘రీఅసెంబ్లీ’కి తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: మినీ ట్రాక్టర్ డీజిల్ ఇంజన్‌కు వెనక ఆయిల్ సీలు మార్చే పద్ధతి తెలుగులో రాస్తున్నాను. విప్పినవన్నీ మళ్ళీ అమర్చే భాగానికి ‘పునఃసమీకరణ’ అని పెట్టాను. సరిపోతుందా? సీల్ లిప్‌ను, అంటే షాఫ్ట్‌ను ఆనుకుని ఆయిల్‌ను ఆపే మెత్తటి లోపలి అంచును, ‘పెదవి’ అనొచ్చా?

జవాబు: సమీకరణ అనగానే నిధుల సేకరణో, లెక్కల పుస్తకమో గుర్తొస్తుంది. షెడ్డులో ఎవరిని అడిగినా ‘విప్పి బిగించాం’ అంటారు. శీర్షికకు ‘తిరిగి బిగించడం’ చాలు.

కానీ లోపల అన్నిటికీ అదే మాట వాడితే చిక్కే. బోల్టును ముందు చేత్తో ఎక్కిస్తారు, ఆ తర్వాతే పానా పెట్టి బిగిస్తారు. రెండింటికీ ‘బిగించండి’ అని రాస్తే, కొత్తవాడు మొదటే పానా అందుకుంటాడు, మర (బోల్టు మీది మెలి గీతలు) పోతుంది. గాస్కెట్ వేస్తారు, టైమింగ్ మార్కులు కలుపుతారు, క్లచ్ ప్లేటు సెంటర్ చేస్తారు. ఫ్లైవీల్ బోల్టులకు ‘వరసగా’ అనకండి, పక్కపక్కవి బిగించుకుంటూ పోతారు. ‘ఎదురెదురువి, విడతలుగా’ అనండి. ‘గట్టిగా’ అన్నది అసలు వద్దు. ఎవరి గట్టి వారిది! మాన్యువల్లో ఉన్న టార్క్ (ఎంత బలంతో తిప్పి బిగించాలో చెప్పే) అంకె వేసేయండి.

పెదవి తప్పేమీ కాదు గానీ, మెకానిక్ చదివితే నవ్వుతాడు. ‘అంచు’ అంటే సీలు బయటి అంచు అనుకుంటారు. లిప్ అనే ఉంచి, ‘స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకు రావాలి, ఎక్కించే ముందు లిప్‌కు కాస్త ఆయిల్ రాయాలి’ అని చెప్పండి.

మరొకరు: ‘గాడి’ కూడా చేర్చండి. పాత సీలు ఏళ్ళ తరబడి రుద్దుకున్న చోట క్రాంక్ షాఫ్ట్ మీద సన్నటి గీత పడుతుంది. గోరు పెట్టి లాగితే తగులుకుంటుంది. దాన్ని ‘గాడి పడింది’ అంటాం. మనిషి గాడిలో పడితే సంతోషం, షాఫ్ట్‌కు గాడి పడితే కొత్త సీలు వేసినా ఆయిల్ కారుతుంది. చోటుంటే సీలును కాస్త జరిపి, లిప్ గాడి మీదకు రాకుండా కూర్చోబెడతారు.

ప్రశ్న అడిగినవారు: గాడి చేర్చాను, ధన్యవాదాలండీ. ‘మర పోయింది’లోని ‘మర’ అనే మాటే మరమ్మతులోనూ ఉందా?

జవాబు: లేదండీ, మరమ్మతు ఉర్దూ నుంచి వచ్చింది. మరమేకు, మరబియ్యం, మరమనిషి మాత్రం మన మర చుట్టాలే.

ఇంకోటి, డీజిల్ లైన్లో ‘గాలి తీయడం’ అని రాసి వదిలేయకండి. ఎప్పటిదాకా తీయాలో చెప్పాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది. బుడగలు ఆగి వట్టి డీజిల్ వచ్చాక, పంపు కొడుతుండగానే స్క్రూ బిగించాలి. ఇక్కడ బిగించడమే సరైన మాట.