తూలుతున్న మనిషికి ఇంకో పెగ్గు పోయొచ్చా?

నల్లగొండ వాసి:
మొన్న రాత్రి విజయవాడ హైవే పక్కన ఒక బార్ ముందు ఒకాయన బైక్‌కు తాళంచెవి పెట్టలేక నాలుగుసార్లు తడుముకున్నాడు. చెవి కింద పడింది. సప్లయర్ వెతికి చేతిలో పెట్టి, "పైలం సార్" అని లోపలికి పోయాడు. బండి హైవే ఎక్కింది. ఆఖరి పెగ్గు పోసిన బార్‌కు ఇందులో బాధ్యత లేదా? ఉందనే నేనంటాను.

పాలమూరు మనిషి:
తాగిందీ ఆయనే, నడిపిందీ ఆయనే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే, మొదటిసారి దొరికినా 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 చెప్తూనే ఉంది. బార్‌లో వద్దంటే వైన్స్‌కు పోతాడు, అదీ మూస్తే బెల్టు షాపు. హైవేకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మొద్దని 2016లో సుప్రీంకోర్టు అన్నది. మరుసటేడు మున్సిపాలిటీలకు సడలింపు వచ్చింది. దుకాణాలను జరిపితే తాగేవాడు మారతాడా?

పాత సప్లయర్:
అన్నా, చిట్యాల దగ్గర బార్‌లో ఏడేళ్లు పనిచేశాను. ఒకసారి మాట ముద్దయిపోయిన ఒకాయనకు ఇంకో క్వార్టర్ తేనన్నాను. గ్లాసు విసిరికొట్టి బిల్లు కట్టకుండా పోయాడు. ఆ బిల్లు, గ్లాసు ఖరీదు ఓనర్ నా జీతంలో పట్టుకున్నాడు. అప్పటినుంచి మొహం మీద వద్దనడం మానేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

అయినా నల్లగొండ అన్నతోనే నేను. ఎవరికి ఎక్కువైందో ముందు కనబడేది మాకే. చెప్పిందే చెప్తారు, సిగరెట్ తిరగేసి ముట్టిస్తారు. అప్పుడు నీళ్లు, పల్లీలు ముందు పెట్టి ఆర్డర్ లేట్ చేసేవాణ్ని. నిమ్మరసం తాగితే దిగుతుందనుకుంటారు, దిగదు. 60 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అది ఒంట్లోంచి పోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది.

పాలమూరు మనిషి:
జీతం కోస్తారని నాకు తెలియదు తమ్మీ. అట్లయితే రూలు ఓనర్ మీద ఉండాలి. ఆపినందుకు సప్లయర్ జీతం కోస్తే లైసెన్స్ మీద చర్య తీసుకోవాలి. ఇది నేనూ ఒప్పుకుంటా. కానీ తాళంచెవి గుంజుకోమని జీతగాడి మీద రుద్దొద్దు.

నల్లగొండ వాసి:
గుంజుకోవద్దు. ఇంటికి పోయే దారి చూపించాలి. రాత్రి పది దాటితే మా ఊళ్లకు బస్సు ఉండదు, అందుకే తాగినోడు కూడా బండే తీస్తాడు.

పాత సప్లయర్:
మా కౌంటర్ గోడ మీద ఐదుగురు ఆటోవాళ్ల నంబర్లు రాసిపెట్టుకున్నాం. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది ఇద్దరే. ఆ ఇద్దరికీ వెయిటింగ్ డబ్బులు బార్ ఇచ్చి ఉంటే చాలామంది బండి మా దగ్గరే వదిలిపోయేవాళ్లు.